తెర వెనక పెట్టె

ఉతకడానికి తీసిన చొక్కా జేబులోంచి చర్చి కవరు బయటపడగానే పుస్తకాల బైండరు భార్యకు ఒళ్ళు మండిపోయింది. తెల్ల కవరు, మూల మీద చిన్న సిలువ గుర్తు. అంచు చింపి ఉంది, లోపల ఏమీ లేదు.

“అంటించిన కవరు మళ్ళీ చింపారంటే ఏంటి అర్థం? పెట్టింది చాలక ఇంకో నోటు కుక్కుదామనేగా! చూశావా మీ నాన్న భక్తి?” అంది కూతురితో.

కూతురు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “అమ్మా, ఫీజుకి ఎల్లుండే ఆఖరు రోజు. కట్టకపోతే పరీక్ష రాయనివ్వరు.”

“తెలుసే తల్లీ. ఆ మాట మీ నాన్నకి తెలియాలి.”

వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి ఉంది. నెలలో మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంటికొకరు చొప్పున పక్కగదిలోకి వెళ్ళాలి. అక్కడ తెర వెనక తాళం లేని చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. ఉన్నవాళ్ళు అందులో కవరు వేస్తారు, లేనివాళ్ళు కవరు తీసుకుంటారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ లేకపోయినా అందరూ ఒక్కొక్కరే వెళ్ళి రావలసిందే, పాస్టరుగారితో సహా. అలా అయితేనే ఎవరు ఏ పని మీద వెళ్ళారో పక్కవాడికి తెలియకుండా ఉంటుంది.

బైండరు వెళ్ళని నెల లేదు. దేవుడి భాగం అక్కడ తీశాకే, సాయంత్రం మిగిలిన జీతం భార్య చేతిలో పెడతాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే అలవాటు. పదోవంతు దేవుడిదంటే ఆమె ఏనాడూ నోరెత్తలేదు. కానీ ఈ ఆరేడు నెలలుగా ఆయన పదోవంతుతో ఆగుతున్నట్టు లేదు. ఒక నెల జీతం సగానికి సగం వస్తుంది, ఇంకో నెల ఇంకాస్త ఎక్కువ. ప్రసంగం గట్టిగా పడిన నెల జీతం పలచబడుతోందని ఆమె కనిపెట్టింది.

సాయంత్రం భర్త ఇంటికొచ్చి క్యారేజీ గట్టు మీద పెట్టి చేతులు కడుక్కున్నాడు. ఇరవై ఏళ్ళు జిగురులో నానిన ఆ వేళ్ళు ఇప్పుడు పెళ్ళికొడుకు వేళ్ళలా ఉన్నాయి. అదేమిటని ఆమధ్య అడిగితే, ప్రెస్సులోకి అంటించే మిషను వచ్చిందన్నాడు. పని తేలికైతే అవనీ, దాంతోపాటు జీతమెందుకు తేలికవ్వాలన్నదే ఆమె గొడవ.

“పెట్టెలో ఎంత వేస్తున్నారో ఇవాళ చెప్పి తీరాలి” అంది కవరు ముందు పెట్టి.

ఆయన కవరు చూశాడు. తీసి నాలుగు మడతలు పెట్టాడు.

“ఇప్పుడెందుకే అదంతా?”

“ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది మన బతుకు. పిల్ల ఫీజు సంగతేంటి?”

“రేపు సాయంత్రానికి నీ చేతిలో పెడతాను.”

“పెట్టెకి పోగా మిగిలిందా?”

ఆయన పక్క వేసుకున్నాడు. ఆమె ఆ రాత్రే ఒక నిర్ణయానికొచ్చింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. ఆరాధన ముగిసింది. పక్కగది ముందు వరుస కదులుతోంది. తన వంతు రాగానే బైండరు లేచాడు. భార్య మణికట్టు పట్టుకుని లాగింది.

“కూర్చోండి.”

“వదులు. అందరూ చూస్తున్నారు.”

“చూడనివ్వండి!” ఆమె లేచి నిలబడింది. “పాస్టరుగారూ, మా ఆయన ఇవాళ లోపలికి వెళ్ళడు. మా ఇంటి నుంచి ఆ పెట్టెకి ఇక పైసా రాదు. పిల్ల ఫీజు కట్టలేని ఇంట్లో దానధర్మాలేంటండీ? ఒళ్ళొంచి సంపాదించేది మేమూ, కవర్లు ఎత్తుకెళ్ళేది సిగ్గులేనివాళ్ళూనా?”

వరుసలో నిలబడ్డ ముసలాయన ఒకడు మెల్లగా వెనక్కొచ్చి తన చోట కూర్చున్నాడు.

పాస్టరుగారు దగ్గరికొచ్చారు. “అమ్మా, ఇవ్వమని నేనెవరినీ బలవంతపెట్టను. ఆ తెర వెనక ఎవరేం చేస్తారో చూడను కూడా. కానీ ఈ ఒక్కరోజుకి ఆయన్ని వెళ్ళనివ్వండి.”

“మీరు అలాగే అంటారు లెండి!”

“నీకు దణ్ణం పెడతాను, వదలవే” అన్నాడు బైండరు. ఆమె పట్టు ఇంకా బిగించింది.

వరుస అయిపోయింది. పెట్టెలో మిగిలిన కవర్లు ఎప్పటిలాగే అనాథాశ్రమం వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. వాళ్ళ బండి గేటు దాటేదాకా ఆమె భర్త చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చాక ఆమె మనసు తేలికపడింది. పదిమందిలో అనేశానే గానీ అబద్ధమేమీ అనలేదని తనకు తనే సర్ది చెప్పుకుంది. మొండికెత్తితేనే గాని మొగుళ్ళు దారికి రారని కూడా అనుకుంది. “పొద్దున్నే వెళ్ళి ఫీజు కట్టేద్దాం, నిశ్చింతగా చదువుకో” అని కూతురికి కేకేసి చెప్పింది. సాయంత్రం అయ్యీ కాకముందే భర్త ఎదుట కూర్చుని చెయ్యి చాపింది.

“ఇవాళ దేవుడి భాగం తియ్యలేదుగా. మొత్తం జీతం ఇలా ఇవ్వండి.”

“లేదు.”

“ఏది లేదు?”

“జీతం. నువ్వు నన్ను పెట్టె దగ్గరికి వెళ్ళనివ్వలేదుగా.”

ఆమెకు నవ్వొచ్చింది. “పెట్టెకీ జీతానికీ ఏంటండీ సంబంధం?”

ఆయన కూతురి గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ప్రెస్సు వాళ్ళు నన్ను తీసేసి ఏడు నెలలైంది.”