చిరిగిన స్పీకరు

ఇంటి గోడలే ప్రతి చప్పుడునూ నునుపు చేసి వినిపించే రోజులవి. కుక్కరు కూత కూడా పిల్లనగ్రోవిలా వచ్చేది. విశాఖలో పాత సామాన్లు బాగుచేసే స్టెల్లా దగ్గరికి ముసలి ఇమ్మానుయేలు తన గిటారు యాంప్లిఫయరు తెచ్చాడు. స్పీకరు కాగితం చిరిగి ఉందని ఆమె కొత్తది వేసింది.

ఆయన తీగ మీటి పెదవి విరిచాడు. "ఈ మోత నాది కాదమ్మా. కుర్రతనంలో జీపు మీంచి పడి చిరిగిందది. ఆ బొంగురుతోనే రాక్ పాటలు వాయించేవోళ్లం. మా డ్రమ్ముల రాజారత్నం మంచాన పడ్డాడు, ఎవర్నీ గుర్తుపట్టట్లేదు. ఆడికి వినిపిద్దామని."

స్టెల్లా కొత్త కాగితాన్ని బ్లేడుతో కోసింది. అయినా నునుపుగానే మోగింది.

"గోడలు ఊరుకోవు బాబాయ్. ఆయన్ని మంచంతో సహా బయటికి తెండి."

మర్నాడు పొద్దున్న రాజారత్నం మంచాన్ని నలుగురు వాకిట్లోకి మోశారు. ఇమ్మానుయేలు వాయించగానే గిటారు బర్రుమంది. ఇరుగుపొరుగువాళ్లు కిటికీలు మూసుకున్నారు.

రాజారత్నం కళ్లు తెరవలేదు. కాసేపటికి అతని చూపుడువేలు మంచం పట్టె మీద కొట్టసాగింది, రాక్ డ్రమ్ముల్లో లాగే రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ, పాట కంటే కాస్త ముందుగా.

"ఎప్పుడూ ఇంతే, తాళం కంటే ముందు పరిగెడతాడు" అని విసుక్కుంటూ, ఇమ్మానుయేలు వేగం పెంచాడు.