సోదా వేళ భోజనం

“అంచు ముక్క నాది. నాన్నా, దీనికి నువ్వైనా చెప్పు!” అన్నాడు ఉల్టన్.

“నిన్న నువ్వే మింగావు. ఇవాళ నాది,” అంటూ అట్రాక్టా రొట్టె పళ్ళేన్ని తన వైపు లాక్కుంది.

“ఇంతేసి వయసొచ్చి రొట్టె ముక్క కోసం కొట్లాటేమిటర్రా? బయటివాళ్ళు చూస్తున్నారు!” బెడీలియా గరిటెతో ఉల్టన్ చేతి మీద ఒక్కటిచ్చింది.

బయటివాళ్ళు నిజంగానే చూస్తున్నారు. గుమ్మంలో బ్రిటిష్ కెప్టెన్ హార్‌గ్రీవ్ పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు. పై అంతస్తులో అతని సైనికులు బీరువాలు తిరగేస్తున్నారు. ఐరిష్ తిరుగుబాటు పార్లమెంటు మంత్రివర్గం ఈ వీధిలోనే, ఈ మధ్యాహ్నమే కలుస్తోందని అతనికి కబురందింది. ఆరు నెలలుగా డబ్లిన్ అంతా గాలిస్తున్నాడు. ఒక మంత్రిని పట్టుకుంటే ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చేస్తున్నారు. ఇవాళ అందరూ ఒకేచోట దొరికితే ఆ ప్రభుత్వం పని అయిపోయినట్టే. దాచినవాళ్ళకీ జైలు తప్పదు.

“పైన ఎవరున్నారు?” అన్నాడు కెప్టెన్.

“దుమ్ముంది,” అంది బెడీలియా. “ఎలాగూ ఎక్కారు, కాస్త దులిపి దిగమనండి.”

ఉల్టన్‌కి నవ్వొచ్చింది. పిస్తోలు చూసి మింగేశాడు.

హార్‌గ్రీవ్ పెద్దాయన కుర్చీ దగ్గరికి వచ్చాడు. “మీ పేరు?”

“కోర్నీలియస్ టాలన్.”

“మీ అబ్బాయి వయసెంత?”

బంగాళాదుంప గుచ్చిన ఫోర్కు గాల్లోనే ఆగింది. “ఇరవై ఏడు.”

“ఇరవై తొమ్మిది,” అన్నాడు ఉల్టన్ అదే క్షణంలో.

హార్‌గ్రీవ్ చూపు ఒకరి మీద నుంచి ఒకరి మీదకి నెమ్మదిగా తిరిగింది.

“విన్నారా, కెప్టెన్?” బెడీలియా గరిటె బల్ల మీద కొట్టింది. “వదినకి నొప్పులొస్తుంటే గుర్రప్పందేలకి పోయిన మనిషి! ఈయనకి పిల్లల వయసులేం తెలుస్తాయి? చెల్లెలి పేరైనా గుర్తుందో లేదో అడగండి!”

“పేరేమో గానీ నీ నోరు మర్చిపోయేదా?” అని గొణిగాడు కోర్నీలియస్.

హార్‌గ్రీవ్ మీసాల కింద నవ్వు కదిలింది. “మా నాన్నా ఇంతే,” అన్నాడు.

సైనికులు ధడధడా దిగొచ్చారు. “అటక, బొగ్గుల గది, పెరడు, అన్నీ చూశాం సార్. ఒక్క పిల్లి తప్ప ఎవరూ లేరు.”

“పక్కింటికి పదండి. మీరు భోజనం కానివ్వండి, టాలన్ గారూ.”

వీధి తలుపు మూసుకుంది. బూట్ల చప్పుడు పక్కింటి మెట్లెక్కింది. అట్రాక్టా పరుగున వెళ్ళి తెర సందులోంచి చూసింది. వెలిగిపోతున్న మొహంతో వెనక్కి తిరిగి తలూపింది.

కోర్నీలియస్ మూతి తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు.

“సోమవారం నుంచి ఏ కౌంటీ పాలకమండలి కూడా డబ్లిన్ కోటలో కూర్చున్న బ్రిటిష్ దొరలకి జవాబు చెప్పక్కర్లేదు. ముగ్గురం ఔనన్నాం, ఉల్టన్ ఒక్కడే కాదన్నాడు. తీర్మానం నెగ్గింది.”

ఆ నలుగురు మంత్రుల్లో ఏ ఇద్దరికీ చుట్టరికం లేదు.