మాట వినని క్వార్టర్‌బ్యాక్

“చూశావా? మళ్ళీ వాడి ఇష్టమే!” కోచ్ ఎమెట్ స్ట్రౌడ్ చేతిలోని అట్టని నేలకేసి కొట్టాడు.

మైదానంలో బంతి ముప్ఫై గజాలు ఎగిరి సొంత ఆటగాడి చేతుల్లోనే పడింది. ఊరు ఊరంతా లేచి కేకలు పెట్టింది. పత్తి చేలు తప్ప ఇంకేమీ లేని ఆ టెక్సస్ ఊళ్ళో, స్కూలు జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఉండేది మంచాన పడ్డవాళ్ళే.

“మంచే జరిగిందిగా ఎమెట్?” వెనకనుంచి హోబర్ట్ ప్రూయిట్ అన్నాడు. ట్రాక్టర్ల షాపు ఆయనదే, స్కూలు బోర్డుకి పెద్దా ఆయనే.

“నేను పరిగెత్తమన్నాను. వాడు విసిరాడు!”

“అందుకే గెలుస్తున్నామేమో! ఏమీ అనుకోకు గానీ, జట్టుని నడిపేది నువ్వా, ఆ కుర్రాడా అని బోర్డులో అడుగుతున్నారు. ఇవాళ ఓడామంటే సోమవారం నుంచి నువ్వు హాయిగా జాగ్రఫీ పాఠాలు చెప్పుకోవచ్చు.”

పంతొమ్మిదేళ్ళుగా కోచ్ ఈ మైదానం గీత పక్కన గొంతు చించుకున్నాడు. ఫుట్‌బాల్ లేకపోతే తనకింకేముంది?

కుర్రాడంటే టోబిన్ లేసీ, జట్టు క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ బంతి ముందు వాడి చేతికే వస్తుంది. విసరాలా, పక్కవాడికివ్వాలా, తనే పరిగెత్తాలా అన్నది గీత అవతలినుంచి సైగలతో చెప్పిస్తారు. చెవి తాకితే ఒకటి, మోకాలు తాకితే ఒకటి. ఎదుటివాళ్ళు పసిగట్టకుండా మూడు రంగుల టోపీలు పెట్టుకుని ముగ్గురు ఒకేసారి సైగలు చేస్తారు. ఒకరివే అసలువి, మిగతావి ఉత్తుత్తివి. ‘మనిషిని చూడకండి, టోపీని చూడండి’ అన్నది కోచ్ పెట్టిన నియమం. గుట్టు బయటపడిందేమోనని అనుమానమొచ్చి మూడో వారంలో ఒకసారి టోపీలు తారుమారు చేశాడు కూడా. ఇప్పుడు అసలుది ఎర్రటోపీ. అది అసిస్టెంటు రస్ నెత్తిన ఉంది.

మొదట్లో టోబిన్ బుద్ధిమంతుడే. మూడో వారంలో జ్ఞానదంతం పీకించుకుని రెండు రోజులు సెలవు పెట్టాడు. తిరిగొచ్చినప్పటినుంచీ ఈ రోగం పట్టుకుంది. “పన్నుతో పాటు భయం, భక్తి కూడా పీకేసినట్టున్నారే” అని కోచ్ పెళ్ళాం దగ్గర వాపోయాడు.

విరామంలో వాణ్ణి పక్కకి లాగాడు.

“ఒరేయ్, నేను చెప్పిందేంటి? నువ్వు ఆడిందేంటి?”

“మీరు చెప్పిందే ఆడానండీ.”

“ఎకసెక్కాలా?”

“అయ్యో, లేదండీ!”

“నీ బదులు ఆడాల్సినవాడు భుజం విరగ్గొట్టుకున్నాడు కాబట్టి బతికిపోయావు. ఇకనుంచి సైగ చూడు, అదే ఆడు. తెలిసిందా?”

“అలాగేనండీ. అదే కదండీ చేస్తున్నాను” అన్నాడు టోబిన్ అమాయకంగా.

ఆ అమాయకత్వానికే కోచ్‌కి ఒళ్ళు మండింది. ఇంతలో నీలం టోపీ తీసి విసురుకుంటూ డెల్ఫీన్ వచ్చింది. స్కూలు వంటగదిలో ముప్ఫై ఏళ్ళుగా గరిటె తిప్పుతున్న మనిషి.

“నాయనా ఎమెట్, చేతులు పడిపోతున్నాయి. ఈ ఊపుడు వల్ల ఏమైనా లాభముందా?”

“ఎందుకు లేదమ్మా? ఎదుటివాళ్ళు మిమ్మల్ని చూసి బుర్ర బద్దలు కొట్టుకుంటారు.”

“ఏమో బాబూ. వచ్చే వారం వంటలు తలుచుకుంటూ ఊపేస్తున్నా. బీన్సంటే మోకాలు, కోడికూరంటే ముక్కు.”

“కానివ్వండి. బ్యాండు మాస్టారు ఆ పసుపు టోపీ పెట్టుకుని డాన్సే చేస్తున్నాడు. ఆయనకంటే మీరే నయం.”

ఆట ముగియడానికి ఇక ఆరు సెకన్లే ఉన్నాయి. నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. గెలుపు గీత మూడు గజాల దూరం. ఇదే ఆఖరి అవకాశం.

“మధ్యలోంచి! ఆ లావాటివాడికి ఇమ్మను!” కోచ్ గొణిగాడు. రస్ మోకాలు తాకాడు. బ్యాండు మాస్టారు గిర్రున తిరిగాడు. డెల్ఫీన్ చెవిలో ఏదో పురుగు దూరినట్టుంది, కుడిచెవి టపటపా కొట్టుకుంటోంది. టోబిన్ ఇటు చూసి బుద్ధిగా తలూపాడు.

“దేవుడా, ఈ ఒక్కసారి వాడికి మాట వినే బుద్ధి ఇవ్వు” అనుకున్నాడు కోచ్.

ఎదుటి జట్టంతా మధ్యలోకి గుమిగూడింది. కోచ్ మనసులో మాట ఎవరో వాళ్ళ చెవిలో ఊదినట్టే ఉంది! బంతి వచ్చింది. టోబిన్ లావాటివాడికి ఇచ్చినట్టే ఇచ్చి, చటుక్కున వెనక్కి లాక్కుని, కుడివైపుకి పరిగెత్తాడు. అటు ఒక్కడంటే ఒక్కడు లేడు. నడిచినా గీత దాటేవాడే.

“చచ్చినోడా, మళ్ళీనా!” అని అరుస్తూనే కోచ్ గాల్లోకి ఎగిరాడు.

ప్రూయిట్ ఏడుస్తూ వచ్చి కౌగిలించుకున్నాడు. “అరక్షణంలో ఎంత నిర్ణయం! పుట్టు మేధావయ్యా వీడు! నీ ఉద్యోగానికేం ఢోకా లేదు గానీ, వాడికి అడ్డం పడకుండా ఉండు, చాలు.”

కోచ్ ఆ మాట దిగమింగుకుని బట్టల గదికి వెళ్ళాడు. టోబిన్ బూట్లు విప్పుకుంటున్నాడు.

“ఒప్పుకుంటున్నానురా. నా పంతొమ్మిదేళ్ళ అనుభవం కన్నా నీ అరక్షణమే గొప్పది. వచ్చే వారం ఫైనల్. టోపీల్లేవు, సైగల్లేవు. ఆ ముగ్గుర్నీ వెళ్ళి స్టాండులో కూర్చోమన్నాను. అంతా నీ ఇష్టం.”

టోబిన్ మొహం పాలిపోయింది.

“అయ్యబాబోయ్! అంత పని చెయ్యకండి కోచ్ గారూ!”

“ఏం? సీజనంతా నీ ఇష్టమేగా నడిపించావు?”

“నా ఇష్టమా? నాకంత బుర్రెక్కడిదండీ?” వాడు బిక్కమొహం వేశాడు.

“నేను ఆడిందంతా మొదట్లో మీరు చూడమన్న ఆ నీలం టోపీ చెప్పిన ఆటేనండీ!”