కెమిస్ట్రీలో రెండు మార్కులు

జేసన్ మళ్లీ కాలిక్యులేటర్ నొక్కాడు. మళ్లీ అదే వచ్చింది. ఆరు పాయింట్ తొమ్మిది ఏడు.

"ఇంగెన్నిసార్లు కొడతావప్పా? నువ్వు కొట్టేకొద్దీ పెరుగుతాదా అది?" అంది తల్లి యేసమ్మ, టేబుల్ మీద సంగటి గిన్నె పెడుతూ.

"జీపీఏ ఏడు ఉండాలమ్మా. కుప్పంలో ఎమ్మెస్సీకి ఏడు లేకుంటే అప్లికేషన్ కూడా తీసుకోరంట. పొద్దున్నే లేసి, పుంగనూరు మీద రెండు బస్సులు మారి పోతే, మెమో సూసి ఆడికాడే తిరిగిచ్చేసినారు."

టేబుల్‌కి అవతల ప్రసాదరావు పేపరు చదువుతున్నాడు. చదవడమేముంది, ముఖానికి అడ్డం పెట్టుకున్నాడంతే. మదనపల్లెలో డిగ్రీ చదివిన పిల్లల్లో ఆయన పేరు తెలియనివాళ్లు తక్కువ. కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్, చర్చిలో సంఘపెద్ద. కొడుకు కూడా మూడేళ్లు ఆయన క్లాసులోనే కూర్చుని చదివాడు.

"అన్నీ లెక్కేసినా డాడీ. మిగతా సబ్జెక్టులతో పని కాదు. ఐదో సెమిస్టర్ కెమిస్ట్రీ ఒకటే దారి. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ కలిపి అరవై ఎనిమిది ఉండాది. డెబ్బై అయితే దాంట్లో ఒక గ్రేడ్ పాయింట్ పెరుగుతాది, మొత్తం ఏడు దాటుతాది. రెండే రెండు మార్కులు! ఆ పరీక్ష మళ్లీ బెటర్‌మెంట్ రాస్తా."

"ఆ రిజల్ట్ వచ్చేలోపల ఈ సంవత్సరం సీటు పోతాది గదప్పా," అంది యేసమ్మ.

"పోనీమ్మా. సరిగా సదవకపోయింది నేనే గదా. ఎవుర్నంటాం?"

ప్రసాదరావు పేపరు మడిచి, సంగటి గిన్నె పక్కకు జరిపాడు. నీళ్లు తాగాడు.

ఆ సెమిస్టర్ ఇంటర్నల్ పేపర్లు దిద్దిన మధ్యాహ్నం ఆయనకు బాగా గుర్తుంది. జువాలజీ మునిరాజు స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ, "మీకేం సార్, కొడుకు మీ క్లాసులోనే ఉండాడు, పెన్ను మీ చేతిలోనే ఉండాది" అని పకపకా నవ్వాడు. మునిరాజు నోటికి అడ్డూ అదుపూ లేదు, మనసులో మాత్రం ఏమీ ఉండదు. ప్రసాదరావు కూడా నవ్వాడు.

మునిరాజు క్లాసుకు వెళ్లాక, కట్టలోంచి జేసన్ పేపరు మళ్లీ పైకి తీశాడు. వేసిన అంకె కొట్టేశాడు. పక్కన ఇంకో అంకె వేశాడు. నా కొడుకు, నాకా మాత్రం హక్కు లేదా అనుకున్నాడు. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిని పడుకున్నాడు. సిగ్గు లేకుండా నిద్ర కూడా పట్టింది.

ఆ నిద్ర ఇప్పుడు లేదు.

"డాడీ, నా ఇంటర్నల్ పేపర్ ఒకసారి సూపిస్తారా?"

ప్రసాదరావు ఉలిక్కిపడ్డాడు. "యాల?"

"మా క్లాసోళ్లంతా 'మీ నాయన వేసినాడులే' అని ఏడిపిస్తాండారు. నిజంగా నాకెంతవరకు వచ్చునో నాకన్నా తెలియాల గదా."

"ఆ పేపర్లు బయటికి ఇయ్యకూడదప్పా. రూల్ ఉండాది."

అలాంటి రూలేదీ లేదు. కొడుకు సరేనని తలూపి, పుస్తకం తీసుకుని మిద్దెపైకి వెళ్లిపోయాడు. అబద్ధాన్ని అంత సులువుగా నమ్మేసే బిడ్డను చూసి ప్రసాదరావు కుంగిపోయాడు. చెప్పేద్దామని మెట్లదాకా వెళ్లాడు. పైనుంచి కెమిస్ట్రీ సమీకరణాలు వల్లె వేస్తున్న గొంతు వినిపించింది. వెనక్కి వచ్చేశాడు.

పరీక్షలకు ముందు ఆదివారం హాల్‌టికెట్లు తెచ్చి చర్చిలో పెట్టి ప్రార్థన చేయించుకోవడం ఆ సంఘంలో అలవాటు. ముందున్న బల్ల మీద చిన్నపిల్లల హాల్‌టికెట్ల పక్కన జేసన్ కూడా తనది పెట్టాడు. డిగ్రీ అయిపోయిన పిల్లవాడు మళ్లీ హాల్‌టికెట్ పట్టుకొస్తే నలుగురూ చూడరా? చూశారు. చెవులు కొరుక్కున్నారు. జేసన్ తల వంచుకుని మోకరించాడు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "ఈ బిడ్డ కోసం వాళ్ల నాయనే ప్రార్థన చేస్తాడు. సొంత కొడుకు ఎదురుగా కూర్చున్నా, ఒక్క మార్కు ఎక్కువెయ్యని మనిషి మన ప్రసాదరావు సారు!"

"ఆమెన్" అన్నారు అందరూ. యేసమ్మ గర్వంగా కొంగు సర్దుకుంది.

ప్రసాదరావు లేచాడు. ఒకచేత్తో బల్ల పట్టుకుని, రెండోది కొడుకు తలమీద పెట్టాడు.

"ప్రభువా... ఈ బిడ్డకు రావలసింది..."

అంతకుమించి మాట రాలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. కొడుకంటే ఎంత ప్రేమో అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. జేసన్ తలెత్తి, "ఏడవద్దండి డాడీ, ఈసారి బాగా రాస్తా" అన్నాడు.

కొడుక్కి మార్కులు దోచిపెట్టాడని రేపు నలుగురూ అనకూడదని, ఇంటర్నల్లో జేసన్ న్యాయంగా తెచ్చుకున్న ఇరవై మూడును ఆ మధ్యాహ్నం పంతొమ్మిది చేసింది ప్రసాదరావే.