అంచు తెగిన కార్డు

కవర్‌లోని కాగితం చదవగానే దివాకర్ చెవులు వేడెక్కిపోయాయి.

కార్డు అసలైనదే. కానీ నాలుగు వైపులా అంచులు కత్తిరించి ఉన్నాయట. గ్రేడ్ ఇవ్వలేమని రాసి, కార్డుల నాణ్యత పరీక్షించే కంపెనీవాళ్లు తిప్పి పంపేశారు.

పాత బేస్‌బాల్ కార్డులకి అంచులు నలిగిపోతాయి. కొందరు ఆ నలిగిన భాగాన్ని సన్నగా కోసేసి, కార్డు కొత్తదనిపించేట్టు చేస్తారు. కలెక్టర్ల మధ్య అంతకు మించిన మోసం లేదు.

ఆ కార్డు పద్మనాభం ఇచ్చింది.

షికాగో దగ్గరి అరోరాలో కబ్స్ బేస్‌బాల్ టీం అభిమానులు కొందరు నెలకోసారి లైబ్రరీ గదిలో చేరి కార్డులు మార్చుకుంటారు. దివాకర్‌ని అక్కడికి తీసుకెళ్లింది పద్మనాభమే. చదువుకునే రోజుల్లో స్టేడియం దగ్గర ఓ బేస్‌మెంట్‌లో ఉంటూ, రేడియోలో వింటూ ఆట నేర్చుకున్న మనిషాయన. స్ట్రైక్ అంటే ఏమిటో, ఈ టీంని ప్రేమించాలంటే ఎంత ఓపిక కావాలో దివాకర్‌కి ఆయనే చెప్పాడు. షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడిన ఆటగాడి 1950ల నాటి కార్డులు ఒకేలాంటివి తన దగ్గర రెండుంటే, వాటిలో ఒకటి చేతిలో పెట్టి, "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే" అన్నాడు. బదులుగా దివాకర్ తన సంతకాల కార్డులన్నీ ఇచ్చేశాడు. ఎండనకా వాననకా స్టేడియం కంచె పక్కన నిలబడి, ఆటగాళ్లని బతిమాలి పెట్టించుకున్న సంతకాలవి.

కొత్తవాణ్ణని తెలిసే అంటగట్టాడు, అనుకున్నాడు దివాకర్.

భార్య స్మృతికి చెప్పలేదు. గొప్ప కార్డు దొరికిందని ఇల్లంతా గంతులేసినవాడు తనే. మోసపోయానని ఇప్పుడు ఏ ముఖంతో చెప్తాడు? పద్మనాభాన్నీ అడగలేదు. అడిగితే ఆయన సారీ అంటాడు, కార్డు వెనక్కి తీసుకుంటాడు, అంతటితో అయిపోతుంది. అలా అయిపోవడం దివాకర్‌కి ఇష్టం లేదు.

ఎప్పటిలాగే నవ్వుతూ మీటింగులకి వెళ్లాడు. పద్మనాభం కార్లోనే వెళ్లాడు. ఏది పోతే ఈయనకి ఎక్కువ నొప్పి పుడుతుందా అని పక్క సీట్లో కూర్చుని వెతికాడు.

ఒకరోజు డ్రైవ్ చేస్తూ ఆయనే చెప్పేశాడు.

"నీకిచ్చిన షార్ట్‌స్టాప్ కార్డు ఉందే, ఆ ఏడాది టీం సెట్ మొత్తం వచ్చేసింది దివాకర్. ఒక్క క్యాచర్ కార్డే లేదు. అదొక్కటి దొరికితే ఇంక నాకేమీ అక్కర్లేదయ్యా."

దివాకర్ వేట మొదలుపెట్టాడు. నెలల తరబడి, ఎక్కడ కార్డ్ షో జరిగినా అక్కడికి డ్రైవ్ చేశాడు. చివరికి విస్కాన్సిన్‌లో ఒక ముసలాయన దగ్గర క్యాచర్‌ని పట్టుకున్నాడు. పార్కింగ్ లాట్‌లోంచే ఫోన్ చేశాడు.

"పద్మనాభం గారూ, క్యాచర్ దొరికాడు. వచ్చే మీటింగ్‌కి మీ సెట్ మొత్తం పట్టుకురండి. అందరి ముందూ కంప్లీట్ చేద్దాం."



"నువ్వు నా తమ్ముడివయ్యా" అన్నాడాయన.

ఆ రోజు పద్మనాభం ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీం టోపీ పెట్టుకుని వచ్చాడు. చేతిలో ఇంట్లో చేసిన మైసూర్‌పాక్ డబ్బా. టేబుల్ మీద కార్డులు వరసగా పేర్చి, క్యాచర్‌కి చోటు వదిలాడు. అందరూ చుట్టూ మూగారు.

దివాకర్ ఆ ఖాళీ వైపు చూడలేదు. తన షార్ట్‌స్టాప్ కార్డు తీసి, పద్మనాభం షార్ట్‌స్టాప్ మీద పెట్టాడు. కింది కార్డు నాలుగు వైపులా బయటికి కనిపించింది.

"ఇది ఈయన నాకు ట్రేడ్ చేసిన కార్డు. అంచులు ట్రిమ్ చేసి ఇచ్చాడు" అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా. కంపెనీ కాగితాన్ని క్లబ్ నడిపే బిల్ చేతికిచ్చాడు.

పద్మనాభం వంగి చూశాడు.

"నేనిచ్చినప్పుడు ఇలా లేదు దివాకర్. ఒట్టు. ఇలా లేదు." తెలుగులోనే అన్నాడు.

"అయితే నా కార్డు నేనే కోసుకున్నానా?"

వెనక ఎవరో నవ్వారు. బిల్ నవ్వలేదు. ఆయనది పద్మనాభంతో చాలా ఏళ్ల స్నేహం. కాగితం మళ్లీ మొదటినుంచి చదివి, తలెత్తకుండా, "ఇంక నువ్వు ఇక్కడికి రావద్దు" అన్నాడు పద్మనాభంతో.

దివాకర్‌కి అది చాలలేదు. జేబులోంచి క్యాచర్‌ని తీసి, పద్మనాభం కళ్ల ముందు ఒక్క క్షణం పట్టుకుని, బిల్ చేతిలో పెట్టాడు.

"ఇది నీకు. ఊరికే."

పద్మనాభం కార్డులు ఏరుకుంటుంటే కొన్ని కింద పడ్డాయి. ఎవరూ వంగి తీయలేదు. ఆయనే మోకాళ్ల మీద కూర్చుని తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, టోపీ తీసి అక్కడి కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు. మైసూర్‌పాక్ డబ్బా మూత కూడా తీయకుండా టేబుల్ మీదే ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి దివాకర్‌కి ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. స్మృతి సోఫాలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఇంక దాచాల్సిన పనేముంది? కంపెనీ కాగితం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. చెబుతుంటే తనకే నవ్వాగలేదు.

"ఆయన ముఖం చూడాల్సింది నువ్వు!"

స్మృతి నవ్వలేదు. మడతపెడుతున్న చొక్కా చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఏ కార్డు? ఆ షార్ట్‌స్టాప్‌దా?"

"అదే."

"అయ్యో దివాకర్... నీ బర్త్‌డేకి కొత్త ఆల్బమ్‌లో సర్దుతుంటే అది పాకెట్‌లో పట్టట్లేదని, అంచులు నేనే కాస్త కట్ చేశాను."