గోడలో దాచిన జుట్టు

ఊరి పొయ్యి దగ్గర కాల్చిన రొట్టెల తట్ట ఎత్తుకుని ఇలారియా పెరట్లోకి వచ్చేసరికి, గోడ సందులో ఎవరిదో చెయ్యి ఉంది.

మోచేతి దాకా ఉంది.

ఎవరో ముసలామె. మా ఊరి మనిషి కాదు. మాసిన టోపీ, పట్నంలో అమ్మే స్వెట్టరు. మునివేళ్ళ మీద నిలబడి, చూరు కింద మట్టి ఇటుకల మధ్య తడుముతోంది.

ఇంకే సందైనా ఇలారియా అంత పట్టించుకునేది కాదేమో. అది నాయనమ్మ జుట్టు దాచుకున్న సందు.

మా కొండల్లో జుట్టు పారేసేవాళ్ళు లేరు. పోయాక ఆత్మ తను తిరిగిన దారులన్నీ మళ్ళీ తిరిగి, రాలిన ప్రతి వెంట్రుకనూ ఏరుకోవాలి. అవి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి తీరాలి. అంతవరకూ దానికి విశ్రాంతి లేదు. అందుకే నాయనమ్మ దొమితిలా అరవై ఏళ్ళపాటు దువ్వెనకు వచ్చిన జుట్టునంతా ఉండలు చుట్టి అక్కడే కుక్కింది. అన్నీ ఒక్కచోట ఉంటే తన మోకాళ్ళకు నడక తప్పుతుందని అనేది. ఇలారియా జుట్టు కూడా ఆ పక్కనే పెట్టించింది.

నాయనమ్మ పోయింది మొన్నటి వానల్లో. ఇవాళ చనిపోయినవాళ్ళ పండుగ. మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టగానే ఆత్మలు ఇళ్ళకు వస్తాయి. నాయనమ్మ రావడం ఇదే మొదలు. తీరా వచ్చి చూసుకునేసరికి సందు ఖాళీగా ఉంటే?

"ఎవరు నువ్వు? చెయ్యి బయటికి తియ్యి" అంది ఇలారియా.

ఆమె తీసింది. చేతిలో ఏమీ లేదు. ముసలామె కళ్ళు ఇలారియా నడుము దాటి వేలాడుతున్న రెండు జడల మీదే ఉన్నాయి.

"నీ జుట్టు కూడా ఇందులోనే పెడుతున్నావా తల్లీ?"

ముక్కూ మొహం తెలియని మనిషి అడగాల్సిన మాట కాదది. చేతబడికి గుప్పెడు వెంట్రుకలు చాలు.

మాటలు పక్కింటి కసిమిరా చెవిన పడ్డాయి. ఆవిడకు ఇలాంటివి దొరకడమే ఆలస్యం. చీపురు పట్టుకుని మరీ వచ్చింది.

"జుట్టు ఎత్తుకుపోతే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా ఇలారియా?"

అక్కర్లేదు. ముప్పై మూడేళ్ళ కిందట, రెండేళ్ళ ఇలారియాకు తొలిసారి జుట్టు కత్తిరించిన మర్నాడే తల్లి బెనీత ఇల్లు విడిచి పట్నం వెళ్ళిపోయింది. ఆ తొలి కుచ్చు కూడా పట్టుకుపోయింది. బిడ్డ అదృష్టం తొలి జుట్టులోనే ఉంటుందంటారు. అప్పటినుంచీ ఇలారియాకు ఏది బెడిసికొట్టినా ఊరంతా ఆ మాటే. నాయనమ్మ కోపం ఇంతా అంతా కాదు. కోడలి వెంట్రుకలన్నీ సందులోంచి పీకి ఏట్లో కలిపేసింది, చచ్చినా ఈ గడప తొక్కకూడదని.

కసిమిరా చీపురుతో ఒక్కటి అంటించింది. ముసలామె టోపీ ఎగిరి కింద పడింది. లోపల జడ లేదు. గొర్రెకు బొచ్చు తీసినట్టు, నెరిసిన తల పొట్టిగా కత్తిరించి ఉంది.

మా ఆడవాళ్ళు ప్రాణం ఉండగా జడ మీద కత్తెర పడనివ్వరు. తప్పు చేసి దొరికిపోయినదానికి ఊరివాళ్ళే కోస్తారు.

"చూశావా? ఏ ఊళ్ళో ఏం వెలగబెట్టిందో, గొరిగి తరిమేసినట్టున్నారు" అంది కసిమిరా.

ముసలామె టోపీ తీసుకుని దులుపుకుంటూ దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు తెగలేదు. కాసిని మంచినీళ్ళు ఇమ్మంది.

"ఏట్లో బోలెడున్నాయి, పో" అంది ఇలారియా.

ఆమె తల ఊపి, వ్యాను ఆగే చోటు వైపు మెల్లగా నడిచింది.

ఇలారియా పీట వేసుకుని ఎక్కి, వెంట్రుకల ఉండలు ఒక్కొక్కటే బయటికి తీసింది. తెల్లవి నాయనమ్మవి, నల్లవి తనవి. ఒక్కటీ పోలేదు. అమ్మయ్య అనుకుంటూ సందు చివరంటా చెయ్యి పెట్టింది. చల్లగా, బరువుగా ఏదో తగిలింది.

లాగింది. వస్తూనే ఉంది.

జడ. బారెడు పొడవు. పైన తెలుపు, కిందికి వచ్చేకొద్దీ నలుపు. కత్తెర పడిన చోటు ఇంకా కొత్తగా ఉంది.

కసిమిరా రెండడుగులు వెనక్కి వేసింది. అది మంత్రించిన జడ, నిప్పుల్లో పడెయ్యమంది. ఇలారియా పొయ్యి దాకా వెళ్ళింది కూడా. అప్పుడు కనిపించింది, జడ కొసన ఎర్ర ఉన్నిదారం. ఆ దారంతో కట్టి, జడలోకి కలిపి అల్లిన చిన్న కుచ్చు. లేత గోధుమరంగు, వేలికి తగిలీ తగలనంత మెత్తన.

రెండేళ్ళ పిల్ల జుట్టు.

ఇలారియా జడను నిప్పుల్లో వెయ్యలేదు. రెండు చేతులా గుండెకు అదుముకుంది. ఆ వెంటనే రోడ్డు మీదికి పరిగెత్తింది.

వ్యాను అప్పటికే కొండ మలుపు దిగిపోయింది. చర్చి గంట పన్నెండు కొట్టింది.

తిరిగి వచ్చి, ఉండలన్నీ మళ్ళీ సందులో పెట్టి, జడను తన జుట్టు పక్కనే సర్దింది. చెంబుతో నీళ్ళు తెచ్చి గోడ కింద పెట్టింది.

"ఎవరికే ఆ నీళ్ళు?" అంది కసిమిరా.

"అడిగింది కదా. ఎప్పటికైనా వస్తుంది" అంది ఇలారియా.

బతికుండగా ఉండనివ్వమని అడిగే మొహం లేని బెనీత, పోయాకైనా కూతురి ఇంటికి రాక తప్పకుండా, తన జడ మొత్తం ఆ గోడలో పెట్టి వెళ్ళింది.