అయిపోయిందన్నాక

"కదలకండి. రెప్ప వెయ్యకండి."

ఫ్లాష్ వెలిగింది. పెద్దాయన రెప్ప వేశాడు.

"ఏంటి పెద్దాయనా! వద్దంటే సరిగ్గా అప్పుడే వేశారు?" విసుక్కున్నాడు ఫొటోగ్రాఫరు.

"నువ్వు గుర్తుచేశావు కదా బాబూ, అందుకే పడింది."

మోచేతి పొడుగు లెన్సున్న కెమెరా కొన్న రోజు నుంచీ వీధిలో ఆ ఫొటోగ్రాఫరుకి దుర్భిణి అని పేరు. అంత బరువు తగిలిస్తే ఎవరి మెడైనా వంగుతుంది. ఇతని మెడ మాత్రం నిక్కింది.

"మళ్ళీ తీస్తాను. కాసేపు అలా కూర్చోండి. వీళ్ళ పని చూడాలి."

వచ్చింది ఒక లెక్కల మాస్టారు, ఆయన భార్య. మాస్టారు రిటైరై చాలా కాలమైంది. మొహం మాత్రం ఇంకా పరీక్ష హాల్లోనే ఉండిపోయింది.

మాస్టారమ్మ దుర్భిణిని పక్కకి పిలిచింది.

"బాబూ, ఈయన నవ్వుతున్న ఫొటో ఒక్కటి కావాలి. పెళ్ళయి యాభై ఏళ్ళు. ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. పెళ్ళి ఫొటోలో అయితే నన్ను బెంచీ ఎక్కించబోతున్నట్టే ఉన్నారు."

"యాభై ఏళ్ళు ఆగారు. ఇప్పుడేం ముంచుకొచ్చిందమ్మా?"

"సోమవారం ఈయనకి ఉన్న పళ్ళన్నీ పీకేస్తారట. సొంత పళ్ళతో నవ్వింది ఒక్కటైనా దక్కాలయ్యా నాకు."

"దానికేముంది! ఈ కెమెరా పళ్ళ సందులు కూడా చూపిస్తుంది."

కిటికీ తెర మూశాడు. నాలుగు దీపాలు వెలిగించాడు. మాస్టారమ్మని మాస్టారికి కుడి పక్కన కూర్చోబెట్టాడు.

"సార్, స్మైల్!"

మాస్టారు ఊపిరి బిగబట్టాడు.

"నవ్వండి సార్!"

"నవ్వుతూనే ఉన్నానయ్యా!" గద్దించాడు మాస్టారు.

దుర్భిణి లెన్సు మార్చాడు. ఇంకో లెన్సు మార్చాడు. ముప్ఫై ఫొటోలు తీశాడు. ముప్ఫైలోనూ మాస్టారు కాపీ కొడుతున్నవాణ్ణి పట్టుకున్నట్టే చూస్తున్నాడు.

మాస్టారమ్మ మొహం చిన్నబోయింది.

ఇంతసేపూ ఇదంతా చూస్తూ కూర్చున్న పెద్దాయన లేచాడు. గోడ మీది పాత నలుపు తెలుపు ఫొటో ముందు నిలబడి ఉన్నాడు. అందులో ఒక కుర్రవాడు పగలబడి నవ్వుతున్నాడు.

"ఈయన..."

"మా నాన్న. ఈ స్టూడియో పెట్టింది ఆయనే. పోయి మూడేళ్ళయింది," లెన్సు తుడుస్తూనే చెప్పాడు దుర్భిణి.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. నెమ్మదిగా తుడిచి పెట్టుకున్నాడు. అప్పుడు మాస్టారి వైపు తిరిగి చూశాడు.

"బాబూ, ఆ దీపాలు ఆపెయ్. ఆయన కళ్ళు చికిలిస్తున్నారు. తెర తీస్తే చాలు."

"ఓహో!"

"అమ్మగారిని ఎడమ పక్కకి మార్చు. నువ్వేం చెప్పినా ఆయన ఎడమ చెవే తిప్పుతున్నారు. కుడి చెవికి వినపడదు."

మాస్టారమ్మ నోరు తెరిచింది. "మా పిల్లలకే తెలీదు. మీకెవరు చెప్పారు అన్నయ్యగారూ?"

"ఆయనే చెబుతున్నారు కదమ్మా, ఇందాకటి నుంచీ."

"అయితే ఫొటో కూడా మీరే తీసెయ్యండి," వెటకారంగా అన్నాడు దుర్భిణి. "నా కెమెరా మాత్రం ముట్టుకోకండి. ఖరీదు వింటే కళ్ళు తిరుగుతాయి."

"ఎందుకులే బాబూ. అమ్మా, మీ ఫోను ఒకసారి ఇస్తారా?"

అద్దం పగిలిన ఫోను. దుర్భిణికి నవ్వాగలేదు.

పెద్దాయన దీపాలు ఆర్పించాడు, తెర తీయించాడు, మాస్టారమ్మని ఎడమ పక్కకి మార్చాడు. ఫోను ఎత్తి ఒక్క క్షణం పట్టుకుని, గుండెల దాకా దించేశాడు.

"అయిపోయింది. ఇక లేవొచ్చు."

మాస్టారు భుజాలు దిగాయి. చొక్కా పై గుండీ ఊడదీసుకున్నాడు.

"హమ్మయ్య! పొట్ట లోపలికి పీల్చి పీల్చి ప్రాణం పోయింది!"

"అందుకా! ఇంతసేపూ మీ పొట్ట ఎటు పోయిందా అని వెతుకుతున్నాను," అంది మాస్టారమ్మ, ఆయన ఎడమ చెవిలో.

మాస్టారు ఫక్కున నవ్వాడు. మోకాలు చరుచుకుని, దవడ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఆవిడ ఆయన భుజం మీద పడి నవ్వింది.

గుండెల దగ్గర ఫోను మీద పెద్దాయన వేలు కదిలింది.

ఫొటో చూసి మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఇది నేనేనా?"

"మీరే. ఈ నవ్వు ఇన్నాళ్ళూ నాకొక్కదానికే తెలుసు. ఇక మా గోడకీ తెలుస్తుంది." ఆవిడ ఫోను ఎవరికీ ఇవ్వడం లేదు. పాపం మాస్టారికి కూడా రెండోసారి చూపించలేదు.

ఆ సందడిలో పెద్దాయన గుమ్మం దిగడం దుర్భిణి ఆలస్యంగా చూశాడు.

"పెద్దాయనా! మీ ఫొటో?"

"వచ్చిన పని అయిపోయింది బాబూ," చెయ్యి ఊపి బస్సెక్కేశాడు పెద్దాయన.

దుర్భిణి లోపలికొచ్చి కెమెరా తీశాడు. రెప్పలు మూసుకున్న పెద్దాయన ఫొటో ఎందుకూ పనికిరాదు. చెరిపేద్దామని బొత్తాం మీద వేలు పెట్టాడు.

"మీ నాన్నగారి నవ్వూ అచ్చం మా ఆయన నవ్వులాగే ఉందయ్యా. ఎవరు తీశారు?" గోడ చూస్తూ అడిగింది మాస్టారమ్మ.

"ఏమోనమ్మా. ఎప్పుడూ అడగలేదు."

"అడగటానికేముంది? వెనక చూడు," అన్నాడు మాస్టారు. "పాత ఫొటోలకి వెనక రాసి ఉంచేవాళ్ళు."

బొత్తాం మీది వేలు తియ్యకుండానే దుర్భిణి రెండో చేత్తో ఫ్రేము దించి, బల్ల మీద పెట్టి అట్ట ఊడదీశాడు.

బొత్తాం మీది వేలు దానంతటదే పక్కకి జరిగింది. వెనక నాన్న చేతిరాతలో ఇలా ఉంది: "నాకు పని నేర్పిన గురువుగారు తీసిన ఫొటో. 'అయిపోయింది' అన్నాకే నొక్కారు."